క్లోరోఫాం నుంచి మెటోప్రొలాల్ దాకా



ఎవరి జ్ఞాపకార్థం ఈ సభ జరుగుతోందో ఆ డాక్టరు గారికి ఒక అలవాటు ఉండేది. కంపెనీ ప్రతినిధి ఎవరైనా కొత్త మందు పట్టుకొస్తే, దాన్ని ఏ పాత మందు పక్కన పెట్టి చూశారని అడిగేవారు. ఉత్త బిళ్ళ పక్కన పెట్టి చూశామంటే ఆయనకు తృప్తి ఉండేది కాదు. రోగికి ఇప్పటికే ఒక మందు ఉన్నప్పుడు రెండోది ఎందుకో చెప్పమనేవారు. ఆ ప్రశ్ననే ఈ రోజు రెండు మాత్రల మీద వేసి చూద్దాం: ప్రాప్రనలాల్, మెటోప్రొలాల్. సికింద్రాబాదు స్టేషను నుంచి ప్యారడైజ్ దాకా ఏ షాపులో అడిగినా రెండూ దొరుకుతాయి. ఒకటి సిప్లార్ పేరుతో, రెండోది మెటోలార్, బీటాలాక్ వంటి పేర్లతో. రెంటినీ బీటా బ్లాకర్లనే అంటాం. గుండె దడకు, లయ తప్పిన గుండెకు రెండూ వాడతాం. ఒకటి దొరక్కపోతే రెండోది ఇవ్వవచ్చా, ఇస్తే ఏమవుతుంది అన్నది సంగతి.

దీనికి జవాబు నేరుగా చెప్పేయవచ్చు. కానీ గుండె లయకూ మందులకూ ఉన్న సంబంధం మీద ప్రపంచం నివ్వెరపోయి చూసిన ఒక గొడవ ఇక్కడికి కూతవేటు దూరంలో, హుస్సేన్‌సాగర్ అవతల జరిగింది. దాన్ని దాటుకుని వెళితే ఈ ఊళ్ళో మాట్లాడినట్టే ఉండదు.

1848 జనవరిలో ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్ల కాలి వేలి గోరు తీయించుకోవడానికి క్లోరోఫాం పీల్చి నిమిషాల్లో చనిపోయింది. అప్పటి నుంచి క్లోరోఫాం ఎలా చంపుతుందన్నది పెద్ద తగవు. లండన్‌లో జాన్ స్నో పక్షం, గుండె ఆగి పోతారని. ఎడిన్‌బరోలో సైమ్ పక్షం, ఊపిరి ఆగిపోతుందని. శ్వాసను కనిపెట్టి ఉంటే చాలని. ఆ సైమ్ శిష్యుడు ఎడ్వర్డ్ లారీ. హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్‌గా, ఇక్కడి వైద్య పాఠశాల పెద్దగా ఉన్నాడు. వేల మందికి క్లోరోఫాం ఇచ్చానని, శ్వాస చూసుకుంటే ప్రాణభయం లేదని నమ్మినవాడు. నమ్మకాన్ని నిరూపించడానికి 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ నడిపాడు. కుక్కలకు క్లోరోఫాం పట్టి, ముందు ఊపిరి ఆగుతుందని, గుండె ఆ తరవాతే ఆగుతుందని తేల్చాడు.

లండన్‌లో ఎవరూ ఒప్పుకోలేదు. లాన్సెట్ పత్రిక విమర్శించింది. అప్పుడు నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం ఒక పని చేసింది. వెయ్యి పౌన్లు లాన్సెట్‌కే ఇచ్చి, మీ మనిషినే పంపండి, మీ కళ్ళతోనే చూసుకోండి అంది. నేటి పరిశోధన నిధులు ఇచ్చేవాళ్ళలో ఎంతమందికి ఉంటుందా ధైర్యం? తనతో విభేదించేవాడి చేతికే సొమ్ము ఇవ్వడం! లాన్సెట్ పంపిన మనిషి సామాన్యుడు కాడు. లాడర్ బ్రంటన్. 1867లోనే గుండె నొప్పికి అమైల్ నైట్రైట్ వాడి చూపినవాడు. ఇవాళ నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ బిళ్ళకు తాత అనదగ్గ మందు అది. ఆయన గుండె పక్షం వాడు. 1889లో హైదరాబాదు వచ్చి, లారీ, బామ్‌ఫర్డ్, రుస్తుంజీ హకీం వంటి వారితో కలిసి నాలుగు వందలకు పైగా జంతువుల మీద ప్రయోగాలు చేశాడు. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు. రక్తపోటు గీతలన్నీ మసి కాగితం మీద రాయించి, ఫొటోలు తీయించాడు. ఆఖరికి పక్షం మార్చుకుని లండన్‌కు తంతి కొట్టాడు: ప్రమాదం ఊపిరాడకపోవడం వల్ల లేదా మోతాదు మించడం వల్ల, గుండెకు నేరుగా ఏమీ కాదు అని.

ఈ కథలో ఒక స్త్రీ కూడా ఉంది. హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ. మత్తు ఇవ్వడమే వృత్తిగా చేపట్టిన తొలి మహిళల్లో ఆమె ఒకరు. లారీ పేరు ఎక్కినంతగా ఆమె పేరు పుస్తకాలకు ఎక్కలేదు. మత్తు ఇచ్చే కుర్చీ దగ్గర గంటల తరబడి నిలబడి శ్వాస లెక్కపెట్టింది మాత్రం ఆమెలాంటి వాళ్ళే.

ఇంత చేసినా తీర్పు నిలవలేదు. బ్రంటన్ చూసిందేదీ అబద్ధం కాదు. కుక్కకు క్లోరోఫాం నింపాదిగా, ఎక్కువగా, పట్టుబట్టి ఇస్తే ముందు ఊపిరే ఆగుతుంది. కానీ ఆపరేషన్ బల్ల మీద మనుషులు చనిపోతున్నది అలా కాదు. మత్తు ఇంకా సరిగ్గా ఎక్కకముందే, భయంతో వణుకుతున్నప్పుడు, లేదా పైపై మత్తులో కత్తి తగిలినప్పుడు ఉన్నట్టుండి పోయేవారు. 1911లో గుడ్‌మన్ లెవీ ఆ సందర్భాన్నే పిల్లుల్లో తెచ్చి చూశాడు. తేలికపాటి క్లోరోఫాం, దాని మీద కొంచెం అడ్రినలిన్. గుండె కింది గదులు కొట్టుకోవడం మాని గిలగిల వణికాయి. వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్. నాడి పోయింది, ప్రాణం పోయింది. ఊపిరి ఇంకా కాసేపు ఆడుతూనే ఉంది.

బ్రంటన్ మీద జాలి పడాల్సిన విషయం ఇక్కడే ఉంది. అడ్రినల్ గ్రంథి రసానికి రక్తపోటును ఎగదోసే గుణం ఉందని ఆలివర్, షేఫర్ చూపింది 1894లో. హైదరాబాదు కమిషన్‌కు ఐదేళ్ళ తరవాత. తమ ప్రయోగశాలలో లేని పదార్థాన్ని కమిషన్ వెతకలేదు. వందల జంతువులు, వెయ్యి పౌన్లు, ఫొటోలు అన్నీ ఉన్నా అసలు ప్రమాదం జరిగే పరిస్థితి మాత్రం అక్కడ లేదు. రెండు మందులను పోల్చే ఏ అధ్యయనాన్ని చదివినా నాకు ముందు తట్టే అనుమానం ఇదే: వీళ్ళు పోల్చింది మందు పని పడే చోటేనా?

లారీ పట్టుదల అక్కడితో ఆగలేదన్నది చిన్న పిట్టకథ. లావరాన్ చెప్పిన మలేరియా పరాన్నజీవిని కూడా ఆయన నమ్మలేదు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో ఆ పరాన్నజీవిని చూసింది మన సికింద్రాబాదులోనే, బేగంపేటలో. మలేరియాకు వాడే సింకోనా బెరడుకు లయతో కూడా చుట్టరికం ఉంది. వెంకెబాక్ అనే గుండె వైద్యుడి దగ్గరికి వచ్చిన ఒక డచ్చి వర్తకుడు, క్వినైన్ మింగితే తన గుండె దడ ఆగుతుందని తానే చెప్పాడు. అక్కడి నుంచి 1918 నాటికి ఫ్రే చేతిలో క్వినిడిన్ వచ్చింది. గుండె లయకు ఆధునిక మందుల వంశం ఒకటి అలా మొదలైంది.

బీటా బ్లాకర్లది వేరే వంశం. 1948లో అమెరికాలో రేమండ్ ఆల్క్విస్ట్ అడ్రినలిన్‌కు శరీరంలో రెండు రకాల గ్రాహకాలు ఉండాలని రాశాడు. ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టాడు. ఆ వ్యాసాన్ని మొదట ఒక పత్రిక తిప్పి పంపింది. పదేళ్ళ తరవాత స్కాట్లండు వాడు జేమ్స్ బ్లాక్ ఆ ఊహను పట్టుకున్నాడు. ఆయన ఆలోచన బ్రంటన్‌కు తలకిందులు. గుండె నొప్పికి రక్తం ఎక్కువ పంపాలని బ్రంటన్ నాటి నుంచి అందరూ చూస్తుంటే, గుండె అడిగేదే తగ్గిస్తే పోదా అన్నాడు. మొదటి మందు ప్రొనెథలాల్ ఎలుకల్లో గడ్డలు పుట్టించింది, పక్కన పెట్టారు. 1964లో ప్రాప్రనలాల్ వచ్చింది. హాలోథేన్ మత్తు కింద గుండె లయ చెదిరితే దాన్ని ఇచ్చి చూసిన మత్తు డాక్టర్లు తొందరలోనే బయల్దేరారు. క్లోరోఫాం గదిలో మొదలైన తగవుకు మందు మళ్ళీ మత్తు గదికే చేరిందన్నమాట. 1988లో బ్లాక్‌కు నోబెల్ వచ్చింది.

మెటోప్రొలాల్ స్వీడన్ పంట. గోటెన్‌బర్గ్ దగ్గర హాస్లే కంపెనీ 1970లలో తెచ్చింది. అప్పటికి బీటాలోనే రెండు రకాలని తేలింది. బీటా-1 ఎక్కువగా గుండెలో, బీటా-2 ఎక్కువగా ఊపిరితిత్తుల గొట్టాల్లో, రక్తనాళాల్లో. ప్రాప్రనలాల్ రెంటినీ మూస్తుంది. మెటోప్రొలాల్ మామూలు మోతాదులో ముఖ్యంగా బీటా-1నే మూస్తుంది. ఆస్తమా ఉన్నవాడికి ప్రాప్రనలాల్ ఇస్తే గొట్టాలు బిగుసుకుని ప్రాణాల మీదికి రావచ్చు. మెటోప్రొలాల్‌తో ఆ ముప్పు తక్కువ. తక్కువే, పూర్తిగా లేదని కాదు. మోతాదు పెంచుతూ పోతే ఆ ఎంపిక గుణం కరిగిపోతుంది. షుగరు రోగుల సంగతీ ఇలాంటిదే. ఇన్సులిన్ వేసుకునేవారికి షుగరు పడిపోతే గుండె దడ, చేతుల వణుకు హెచ్చరికలుగా వస్తాయి. బీటా బ్లాకర్ ఆ రెంటినీ కప్పేస్తుంది, చెమట మాత్రం కప్పదు. పడిన షుగరు మళ్ళీ పుంజుకోవడానికి బీటా-2 సాయం కావాలి, దాన్ని ప్రాప్రనలాల్ అడ్డుకుంటుంది. షుగరు లేని ఇల్లు అరుదైన ఈ ఊళ్ళో ఇది పుస్తక విషయం కాదు. రోగికి చెప్పవలసిన మాట ఒకటుంది: దడ లేకుండా ఒళ్ళంతా చెమట పడితే ముందు షుగరు చూసుకోమని.

ఇక అందరికీ తెలిసిన లయ జబ్బు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్. పై గదులు నిమిషానికి మూడు వందల యాభై నుంచి ఆరు వందల సార్లు వణుకుతాయి. ఆ పిలుపులన్నీ కింది గదులకు చేరితే మనిషి బతకడు. మధ్యలో ఏవీ నోడ్ అనే చోటు లాలాగూడ రైలు గేటులా కొన్నిటినే వదులుతుంది. బీటా బ్లాకర్ ఆ గేటును మరికాస్త నెమ్మదిగా తెరుస్తుంది, అంతే. పై గదుల గందరగోళం అలాగే ఉంటుంది. ఈ పనిలో ప్రాప్రనలాల్‌కూ మెటోప్రొలాల్‌కూ చెప్పుకోదగ్గ తేడా లేదన్నదే నా తీర్పు. 2010లో రేస్-2 అనే అధ్యయనం, విశ్రాంతిగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 110 లోపు ఉంచినా, 80 లోపుకు దించడానికి శ్రమపడినా ఫలితం ఒకటేనని చూపింది. గేటు కాస్త అటూ ఇటూ అయినా పరవాలేదన్నమాట. అలాంటప్పుడు రోజుకొకసారి వేసుకునే మెటోప్రొలాల్ సక్సినేట్ సౌకర్యంగా ఉంటుంది కాబట్టి రాస్తాం. కరెంటు షాక్‌తో లయ సరిచేశాక మళ్ళీ తప్పకుండా కాపాడడంలోనూ దానికి కొంత సాక్ష్యం ఉంది. 2000లో జర్మనీలో 394 మంది మీద చేసిన అధ్యయనంలో ఉత్త బిళ్ళ వేసుకున్నవారిలో దాదాపు అరవై శాతం మందికి లయ మళ్ళీ తప్పితే, మెటోప్రొలాల్ వేసుకున్నవారిలో నలభై తొమ్మిది శాతం మందికి తప్పింది. గొప్ప విజయమేమీ కాదు గానీ కొట్టిపారేయదగ్గదీ కాదు.

ఇక్కడ ఒక పక్క మాట. మన ప్రాంతంలో చిన్నప్పటి కీళ్ళ జ్వరం వల్ల మైట్రల్ కవాటం ఇరుకై, దాని మీద ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చిన ఆడవాళ్ళను ప్రభుత్వాసుపత్రి ఓపీలో పనిచేసిన ప్రతివాళ్ళూ చూసే ఉంటారు. వాళ్ళకు గుండె నెమ్మదిస్తే ఇరుకు దారిలోంచి రక్తం దిగడానికి వ్యవధి దొరుకుతుంది, ఆయాసం తగ్గుతుంది. దానికి ఏ బీటా బ్లాకర్ అయినా సరే. ప్రాణం నిలిపేది మాత్రం రక్తం గడ్డకట్టనివ్వని మందు. 2022లో మన దేశమూ పాల్గొన్న ఇన్విక్టస్ అధ్యయనం, ఈ రోగుల్లో ఖరీదైన కొత్త మాత్ర కంటే పాత అసిట్రోం, వార్ఫరిన్ రకమే మేలని తేల్చింది. ఏ బీటా బ్లాకర్ రాయాలని అరగంట వాదించుకుని, రక్తం గడ్డకట్టే వేగం చూసే ఐఎన్ఆర్ పరీక్ష చీటీ రాయడం మరిచిపోయే సందర్భాలు ఉంటాయి. రోగికి ఆ చీటీయే ముఖ్యం.

తేడా అసలు ఎక్కడ బయటపడుతుంది? అడ్రినలిన్ వరద పారే చోట. లెవీ పిల్లుల చోట.

గుండె దెబ్బతిన్నవారికి ఛాతీలో ఐసీడీ అనే యంత్రం అమరుస్తారు. ప్రమాదకరమైన లయ వస్తే అదే షాక్ ఇస్తుంది. ఒక్కోసారి లయ పదే పదే తప్పి, యంత్రం రోజుకు మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి పదుల సార్లు కొడుతుంది. దీన్ని విద్యుత్ తుఫాను అంటున్నాం. ప్రతి షాకూ నొప్పి, భయం, భయం అడ్రినలిన్, అడ్రినలిన్ మళ్ళీ లయ తప్పడం. రోగి మెలకువతో ఉండి తరవాతి దెబ్బ కోసం బిగుసుకుని పడుకుంటాడు. అంతకంటే ఘోరం వార్డులో నేను చూడలేదు. 2000లో నాదమానీ బృందం తుఫానులో చిక్కిన 49 మందిని గమనించింది. లిగ్నోకైన్ వంటి మామూలు మందులతో వెళ్ళినవారిలో వారం లోపు నూటికి ఎనభై రెండు మంది పోయారు. అడ్రినలిన్ ప్రభావాన్ని ఆపినవారిలో ఇరవై రెండు శాతం. ఆ అధ్యయనంలో చీట్లు తీసి పంచలేదు కాబట్టి అంకెలను అచ్చంగా నమ్మనక్కర్లేదు గానీ, దిశ మాత్రం స్పష్టం.

ఆ దిశలో మన రెండు మాత్రలను నేరుగా పక్క పక్కన పెట్టిన అధ్యయనం 2018లో గ్రీసు నుంచి వచ్చింది. చాజిదూ బృందం ఐసీడీ ఉన్న అరవై మంది తుఫాను రోగులను సగం సగం చేసి, అందరికీ నరంలోకి అమియోడరోన్ ఇస్తూ, ముప్పై మందికి ఆరు గంటలకోసారి ప్రాప్రనలాల్ 40 మిల్లీగ్రాములు, ముప్పై మందికి ఆరు గంటలకోసారి మెటోప్రొలాల్ 50 మిల్లీగ్రాములు నోటి ద్వారా రెండు రోజులు ఇచ్చారు. ఇరవై నాలుగు గంటలు గడిచేసరికి ప్రాప్రనలాల్ వైపు ఇరవై ఏడు మందికి లయ కుదుటపడింది. మెటోప్రొలాల్ వైపు పదహారు మందికే. చిన్న అధ్యయనమే, ఒకే దేశంలోదే. కానీ ఇది సరైన చోట, సరైన సమయంలో చేసిన పోలిక. హైదరాబాదు కమిషన్‌లో లేనిది ఇందులో ఉంది.

ఎందుకిలా? మూడు కారణాలు చెబుతారు. ఒకటి, బలహీనపడిన గుండెలో బీటా-1 గ్రాహకాలు తరిగిపోయి బీటా-2 వాటా పెరుగుతుంది. బ్రిస్టో 1986లో కొలిచినప్పుడు ఆరోగ్యంగా ఉన్న గుండెలో సుమారు ఇరవై మూడు శాతం ఉన్న బీటా-2, చెడిన గుండెలో ముప్పై ఎనిమిది దాకా కనిపించింది. అలాంటి గుండెలో ఒక్క బీటా-1ను మూస్తే రెండో తలుపు తెరిచే ఉంటుంది. రెండు, ప్రాప్రనలాల్ కొవ్వులో బాగా కరుగుతుంది, మెదడులోకి సులువుగా చేరుతుంది; అడ్రినలిన్‌ను ఉసిగొలిపే మూలం దగ్గరే కొంత పని చేస్తుందేమో. మూడు, దానికి సోడియం దారులను కొద్దిగా అడ్డుకునే గుణం ఉంది, క్వినిడిన్ వంశపు గుణం. ఈ మూడింటిలో ఏది ఎంతన్నది ఎవరి వాదం వారిదే. నేను మొదటి కారణానికి ఎక్కువ బరువు ఇస్తాను.

ఈసీజీలో క్యూటీ అనే వ్యవధి పొడుగ్గా కనిపించే, పుట్టుకతో వచ్చే లాంగ్ క్యూటీ జబ్బులోనూ ఇలాంటి తేడాయే కనిపించింది. 2012లో చొక్కలింగం బృందం రాసిన దాని ప్రకారం, లక్షణాలు బయటపడ్డ రోగుల్లో మెటోప్రొలాల్ వాడిన వారికి మళ్ళీ మూర్ఛలు, గుండె ఆగడాలు ప్రాప్రనలాల్, నాడలాల్ వాడిన వారికంటే ఎక్కువ. నాడలాల్ ప్రతి షాపులో దొరికే మందు కాదు. కాబట్టి ఇక్కడ ప్రాప్రనలాల్ ప్రాధాన్యం పెరుగుతుంది. ఈత కొడుతుంటేనో, అలారం మోగి ఉలిక్కిపడితేనో పడిపోయే పిల్లల జబ్బు ఇది. మూర్ఛరోగమని ఫిట్స్ మందులు మింగించిన ఇళ్ళు ఎన్నో. తెలుగువాళ్ళకు దీనిలో ఒక ప్రత్యేక పట్టింపు ఉండాలి. 1957లో నార్వేలో జెర్వెల్, లాంగె-నీల్సన్ ఒక కుటుంబాన్ని వర్ణించారు: పుట్టుచెవుడు, పొడుగు క్యూటీ, హఠాత్తు మరణాలు. తల్లి వైపు నుంచి, తండ్రి వైపు నుంచి ఒకే లోపం కలిసినప్పుడే వచ్చే రూపం అది. మేనరికాలు, మేనమామ పెళ్ళిళ్ళు ఇంకా జరిగే ఇళ్ళలో ఆ కలయికకు అవకాశం ఎక్కువ. చెవిటి పిల్ల స్పృహ తప్పిందంటే ఈసీజీ తీయకుండా ఇంటికి పంపకండి. పరీక్షకు పట్టేది ఐదు నిమిషాలు.

అయితే ప్రాప్రనలాలే గొప్పదా? తొందరపడకండి. గుండె బలహీనపడిన వారిని దీర్ఘకాలం కాపాడిన సాక్ష్యం మెటోప్రొలాల్ దగ్గరే ఉంది. 1999 నాటి మెరిట్-హెచ్ఎఫ్‌లో 3,991 మంది. చావులు ముప్పై నాలుగు శాతం తగ్గాయి, ఉన్నట్టుండి వచ్చే చావులు నలభై ఒక్క శాతం తగ్గాయి. ప్రాప్రనలాల్‌కు ఆ జబ్బులో అలాంటి పత్రం లేదు. దానికున్న పెద్ద పత్రం వేరు: బీహాట్ అనే అమెరికా అధ్యయనం, గుండెపోటు తరవాత 3,837 మందిలో చావులు 9.8 శాతం నుంచి 7.2 శాతానికి తగ్గాయని. తుఫాను చల్లార్చడానికి ప్రాప్రనలాల్, తుఫాను రాకుండా ఏళ్ళ తరబడి కాపు కాయడానికి మెటోప్రొలాల్ అని ఒకే రోగికి వేర్వేరు రోజుల్లో రాయవలసి రావచ్చు. అందులో వైరుధ్యం లేదు.

మెరిట్-హెచ్ఎఫ్‌లో వాడింది మెటోప్రొలాల్ సక్సినేట్, నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర. టార్ట్రేట్ అనే రూపం వేగంగా కరిగి, వేగంగా పోతుంది. రోజుకు రెండు సార్లు వేసుకోవాలి. 2003లో కామెట్ అధ్యయనంలో ఆ టార్ట్రేట్‌నే కార్వెడిలాల్ పక్కన పెట్టి చూస్తే కార్వెడిలాల్ గెలిచింది. చావులు 34 శాతం, 40 శాతం. ఓడింది మెటోప్రొలాలా, ఆ ఉప్పా, ఆ మోతాదా అన్న తగవు ఇప్పటికీ తెగలేదు. మా విద్యార్థులకు చెప్పేది ఒకటే: చీటీలో మెటోప్రొలాల్ అని రాసి ఊరుకుంటే సగమే రాసినట్టు. ఉప్పు పేరు రాయాలి. షాపులో సోదరులు కూడా ఒకదాని బదులు రెండోది ఇవ్వకూడదు. సక్సినేట్ మాత్రను గీత ఉంటే సగం విరవవచ్చు, కానీ నమిలినా, పొడి చేసి పాలలో కలిపినా రోజంతటి మందు ఒక్కసారిగా రక్తంలోకి దిగుతుంది. ముసలివాళ్ళకు మాత్ర మింగడం కష్టమని పొడి చేసి పట్టే కోడళ్ళు మన ఇళ్ళల్లో ఉంటారు. ఆ మంచి మనసుకు ఈ హెచ్చరిక అందాలి.

ఈ మాత్రలు మన చేతికి చవకగా అందడం వెనక చరిత్ర ఉంది. 1970 నాటి పేటెంటు చట్టం, బాలానగర్‌లోని ఐడీపీఎల్, అక్కడ పనిచేసి బయటికి వచ్చి కంపెనీలు పెట్టిన అంజిరెడ్డి గారి తరం. ఇప్పుడు హైదరాబాదు చుట్టుపక్కల తయారైన మెటోప్రొలాల్ సక్సినేట్ అమెరికా షాపులకూ వెళుతుంది. స్వీడన్ మందు ఇక్కడి నుంచి అమెరికాకు.

మందు మంచిదైనా సమయం కానప్పుడు ఇస్తే చంపుతుందనడానికి మెటోప్రొలాలే సాక్షి. చైనాలో జరిగి 2005లో వెలువడ్డ అధ్యయనంలో 45,852 మంది గుండెపోటు రోగుల్లో సగం మందికి, ఆసుపత్రికి వచ్చిన వెంటనే నరంలోకి మెటోప్రొలాల్ ఇచ్చి చూశారు. వెయ్యికి ఐదుగురిలో ప్రాణాంతకమైన ఫిబ్రిలేషన్ తప్పింది. అదే వెయ్యికి పదకొండు మందిలో అదనంగా గుండె పూర్తిగా చతికిలబడింది. 2008లో పాయిజ్ అధ్యయనంలో, ఆపరేషన్‌కు ముందు హడావుడిగా మొదలుపెడితే గుండెపోట్లు తగ్గాయి గానీ పక్షవాతాలు, చావులు పెరిగాయి.

తేలు సంగతి చెప్పకుండా ముగిస్తే మన రైతుల పట్ల అన్యాయం. ఎర్ర తేలు కుడితే ఒంట్లో అడ్రినలిన్ వరదే పారుతుంది. రక్తపోటు ఎగిసి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి పిల్లలు చనిపోయేవారు. అడ్రినలిన్ అంటే బీటా బ్లాకర్ ఇవ్వాలని తర్కం చెబుతుంది. ఆ తర్కం ఇక్కడ ముంచుతుంది. బీటాను మూసి ఆల్ఫాను తెరిచి ఉంచితే రక్తనాళాలు ఇంకా బిగుసుకుంటాయి, బలహీనపడుతున్న గుండెకు ఉన్న ఆసరా కూడా పోతుంది. కొంకణ తీరంలో మహాడ్ అనే చిన్న ఊళ్ళో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ఆల్ఫాను మూసే ప్రాజోసిన్ ఇచ్చి ఆ చావులను ఆపాడు. పెద్ద ప్రయోగశాల లేదు, మంచం పక్కన కూర్చుని చూశాడు. రూపాబాయి శ్వాస లెక్కపెట్టినట్టే.

చివరిగా రెండు విషయాలు. కారణం తెలియని గుండె దడతో, ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌తో వచ్చిన మనిషికి థైరాయిడ్ పరీక్ష రాయండి. థైరాయిడ్ ఉప్పొంగిన జబ్బులో నేను ప్రాప్రనలాల్ వైపే మొగ్గుతాను. పెద్ద మోతాదులో అది టీ4ను టీ3గా మార్చడాన్ని కొంత తగ్గిస్తుంది, వణుకునూ ఆపుతుంది, ఆస్తమా లేకపోతే. మరొకటి, ఈ రెండింటిలో ఏదైనా వారాల తరబడి వేసుకున్న మనిషి ఒక్కసారిగా మానకూడదు. మూసి ఉంచిన కాలంలో గ్రాహకాలు సంఖ్యలో పెరిగి ఉంటాయి. అడ్డు తీసేస్తే మామూలు అడ్రినలినే వాటికి ఎక్కువవుతుంది. మందు అయిపోయిందని, ఊరికి వెళ్ళామని, పెళ్ళి హడావుడిలో మరిచామని నాలుగు రోజులు ఆపితే గుండె నొప్పి, లయ తప్పడం, గుండెపోటు దాకా రావచ్చు. మానాల్సి వస్తే ఒకటి రెండు వారాలు తగ్గించుకుంటూ మానాలి. షాపులో మీ దగ్గరికి వచ్చిన మనిషి చీటీలో ఈ రెండు పేర్లలో ఏది కనిపించినా, ఆ రోజు మీ దగ్గర స్టాకు లేకపోతే రేపు రమ్మనకండి. పక్క షాపుకు ఫోను చేసి ఇప్పించండి.